ఆట మధ్యలో ఆరిపోయే కంప్యూటర్

అందరికీ నమస్కారం.

ఆట మంచి రసపట్టులో ఉండగా కంప్యూటర్ టప్పున ఆరిపోయిన అనుభవం మీలో ఎంతమందికి ఉంది? చేతులు చాలానే లేచాయి. ఆ క్షణంలో పడే టెన్షన్ నాకూ తెలుసు. సేవ్ చేయని ఆట పోయిందన్న బాధ ఒకపక్క, అసలు మళ్లీ ఆన్ అవుతుందా అన్న భయం ఇంకోపక్క. ఆ భయంలోనే ఏదో ఒక పార్టు మార్చేస్తాం. ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. పార్టు మార్చే ముందు, కంప్యూటర్ ఎలా ఆగిందో గమనించండి. ఆగిన తీరులోనే సగం జవాబు దొరుకుతుంది.

"ఆగిపోయింది" అన్న ఒక్క మాటతో మనం నాలుగు వేర్వేరు సంగతులు చెబుతుంటాం. ఆట మూసుకుపోయి డెస్క్‌టాప్ కనబడితే అదీ ఆగిపోవడమే. తెర నల్లబడి, ఫ్యాన్లు హోరెత్తుతూ, ఆట శబ్దం మాత్రం కాసేపు వినబడితే అదీ ఆగిపోవడమే. ఈ రెండింటిలో గ్రాఫిక్స్ కార్డునో, దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ అయిన డ్రైవర్‌నో ముందు అనుమానించాలి. నీలి తెర వస్తే దాని మీద ఉన్న కోడ్ రాసుకోండి. అది చదివేలోపే రీస్టార్ట్ అయిపోతుంటే, విండోస్ సిస్టమ్ సెట్టింగుల్లో 'ఆటోమేటికల్లీ రీస్టార్ట్' దగ్గర టిక్ తీసేయండి. ఇక నాలుగోది, కరెంటు తీసేసినట్టు ఒక్కసారిగా అన్నీ ఆరిపోవడం. ఎక్కువమందిని ఏడిపించేది ఇదే. నేను ముఖ్యంగా మాట్లాడేది కూడా దీని గురించే.

ఇలా ఆరిపోయాక చాలామంది, విండోస్ తన లోపల జరిగినవి రాసుకునే చిట్టా, అంటే ఈవెంట్ వ్యూయర్ తెరుస్తారు. అందులో 'కెర్నల్ పవర్ 41' అని ఎర్ర గుర్తుతో ఒక వరుస ఉంటుంది. పవర్ అన్న మాట కనబడగానే, పార్టులకు కరెంటు అందించే పెట్టె, అంటే పవర్ సప్లై, పోయిందని తీర్మానించేస్తారు. అది తొందరపాటు. కిందటిసారి కంప్యూటర్ సరిగ్గా షట్‌డౌన్ కాలేదు అన్నంతవరకే ఆ వరుస చెబుతుంది. ఇంటికొచ్చి చూసి తలుపు తీసి ఉందని చెప్పే మనిషికి, ఎవరు తీశారో ఎలా తెలుస్తుంది? అదీ అంతే. కాకపోతే దాని వివరాల్లో 'బగ్‌చెక్ కోడ్', అంటే నీలి తెర కోడ్ దగ్గర సున్నా ఉంటే, విండోస్‌కు తప్పు రాసుకునే వ్యవధి కూడా దొరకలేదని చాలావరకు అర్థం చేసుకోవచ్చు. దాని పక్కనే, హార్డ్‌వేర్ తప్పులను రాసే 'వీయా లాగర్' పేరుతో వరుసలుంటే మాత్రం ప్రాసెసర్ మీదో మెమరీ మీదో చూపు పెట్టాలి. ప్రాసెసర్‌ను మామూలు కంటే వేగంగా నడిపేలా ఓవర్‌క్లాక్ చేసి ఉంటే, మెమరీ వేగం పెంచే ఎక్స్‌ఎంపీ ఆన్ చేసి ఉంటే, రెండూ తీసేసి మళ్లీ ఆడి చూడండి.

మరి సినిమా చూస్తే ఆరిపోని కంప్యూటర్ ఆట ఆడితేనే ఎందుకు ఆరిపోతుంది? ఆటలో ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ ఒకేసారి గట్టిగా పనిచేస్తాయి. అప్పుడు పెరిగేవి రెండు: వేడి, కరెంటు వాడకం.

వేడి సంగతి ముందు చూద్దాం. ఈ కాలపు ప్రాసెసర్లు వేడెక్కగానే ఆరిపోవు, ముందు వేగం తగ్గించుకుంటాయి. చాలా ఇంటెల్ ప్రాసెసర్లకు ఆ హద్దు 100 డిగ్రీల సెల్సియస్, రైజెన్ 7000 వరుసలో చాలావాటికి 95. కాబట్టి వేడి వల్లే ఆరిపోతోందంటే, దానికి ముందు ఆట నత్తనడక నడిచి ఉండాలి. నడవకుండానే ఆరిపోతే వేడి మీద అనుమానం కొంత తగ్గించుకోవచ్చు. నిజంగా వేడే కారణమైతే కూలింగ్‌లో పెద్ద లోపమే ఉంటుంది: లిక్విడ్ కూలర్ పంపు ఆగిపోవడం, కూలర్ ఒకవైపు వదులవడం, అడుగున ఉండే ప్లాస్టిక్ పొర ఒలవకుండానే బిగించేయడం. దుమ్ము దులిపేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోండి, గాలి ఒత్తిడికి అది గిర్రున తిరిగిపోకుండా.

ఊహించుకోవడం కంటే రాసి పెట్టుకోవడం మేలు. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాంలో లాగింగ్ ఆన్ చేస్తే, అది సెన్సర్ల అంకెలను రెండేసి సెకన్లకోసారి ఫైలులో రాస్తుంది. దాన్ని నడుస్తూ ఉండనిచ్చి ఆట మొదలుపెట్టండి. కంప్యూటర్ ఆరిపోయినా ఆ ఫైలు మిగులుతుంది. దాని ఆఖరి వరుసలు చూడండి. డిగ్రీలు అంతకంతకూ ఎక్కి హద్దు దగ్గర ఆగితే కారణం వేడి. 70 డిగ్రీల దగ్గర నిలకడగా ఉండి చటుక్కున తెగిపోతే, పవర్ సప్లై వైపు, అంటే ఎస్‌ఎంపీఎస్ వైపు తిరగాలి.

ఇక్కడ మనం తరచూ తప్పు లెక్క వేస్తాం. కార్డు ఇన్ని వాట్లు, ప్రాసెసర్ ఇన్ని వాట్లు అని కూడి, సప్లై సరిపోతుందనుకుంటాం. అది సగటు లెక్క. గ్రాఫిక్స్ కార్డు సెకనులో వెయ్యో వంతుకన్నా తక్కువ సేపు ఆ సగటుకు రెండు మూడు రెట్లు లాగగలదు. రెండు సెకన్లకోసారి చూసే ప్రోగ్రాంకు ఆ ఉరుకు కనబడదు. అందుకే పవర్ సప్లైల కోసం 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణం, సప్లై తన సామర్థ్యానికి రెట్టింపు భారాన్ని 100 మైక్రోసెకన్లు తట్టుకోవాలని చెప్పింది. పాత సప్లై ఆ ఉరుకును ప్రమాదమనుకుని తనను తాను ఆపేసుకోవచ్చు. దానికి ఒక గుర్తుంది. ఆరిపోయాక ముందున్న బటన్ ఎంత నొక్కినా పలకదు. వెనకున్న స్విచ్ ఆపి, కాసేపాగి మళ్లీ వేస్తేనే లేస్తుంది. అలా జరిగితే పవర్ సప్లై రక్షణ కోసం ఆపిందన్న అనుమానం బలపడుతుంది.

నా కంప్యూటర్ సరిగ్గా ఇలాగే, ఆటలో మ్యాప్ తెరవగానే ఆరిపోయేది. ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య పూసే థర్మల్ పేస్టు మార్చాను, విండోస్ మళ్లీ వేశాను, రెండు ఆదివారాలు గడిచిపోయాయి. చివరికి టార్చి పట్టుకుని లోపలికి చూస్తే, కార్డుకున్న రెండు 8 పిన్నుల సాకెట్లకూ ఒకే కేబుల్ వెళ్తోంది, చివర రెండు తలలతో. ఒక్కో సాకెట్ 150 వాట్లు తీసుకోవచ్చు, ఆ భారమంతా ఒకే తీగ మోస్తోంది. పైగా సప్లై వైపు ప్లగ్గు పూర్తిగా దిగలేదు. సప్లైతో వచ్చిన రెండో కేబుల్ తీసి రెండింటికీ విడివిడిగా ఇచ్చాను, టక్ మని వినబడేదాకా నొక్కాను. అదే మ్యాప్‌లో మూడు గంటలు ఆడాను, ఆరలేదు. ఒక్క హెచ్చరిక: వేరే సప్లైకి చెందిన కేబుల్ తెచ్చి పెట్టకండి. ప్లగ్గు పట్టినా లోపల పిన్నుల వరుస వేరుగా ఉండొచ్చు, పార్టులు కాలిపోతాయి.

ఖర్చు లేని పరీక్ష ఇంకోటి. ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే ప్రోగ్రాంలో కార్డు పవర్ లిమిట్ 70 శాతానికి తగ్గించి, ఫ్రేములను సెకనుకు 60కి పరిమితం చేసి ఆడండి. వేడి ముందే మామూలుగా ఉండి, ఇప్పుడు ఆరిపోవడం మానితే, కరెంటు సంగతేనని నమ్మొచ్చు. యూపీఎస్ ఉంటే దాన్ని తప్పించి నేరుగా గోడ సాకెట్‌కు పెట్టి చూడండి, చిన్న యూపీఎస్ ఆ భారం మోయలేకపోవచ్చు. ల్యాప్‌టాప్ అయితే అడాప్టర్ వాట్లు అసలుదానితో సరిపోలాయో లేదో చూడండి.

ఎస్‌ఎంపీఎస్ పెట్టెను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పకండి. ప్లగ్గు తీసేసినా లోపలి కెపాసిటర్లలో ప్రాణం తీసేంత కరెంటు నిలిచి ఉండొచ్చు.

ఈ బల్ల మీదున్న కంప్యూటర్ కూడా ఆటలో ఆరిపోతోందని మీలో ఒకరు తెచ్చారు. ఇందాకే దాని రికార్డు ఫైలు తీసి పెట్టాను. దగ్గరికి రండి, ఆఖరి వరుస కలిసి చదువుదాం.