దద్దు లేని దురద

ఆశా, ఏఎన్ఎం అక్కచెల్లెళ్లందరికీ నమస్కారం.

దురద అంటే చర్మం జబ్బే అనుకుంటాం. చాలాసార్లు నిజమే. రాత్రి పడుకోగానే వేళ్ల సందుల్లో, నడుం చుట్టూ దురద మొదలై, ఇంట్లో ఇంకొకరూ గోక్కుంటుంటే గజ్జిని అనుమానించండి. మొదటిసారి పురుగు సోకినవాళ్లకు దురద తెలియడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. అందుకే దురద లేనివాళ్లతో సహా ఇంటిల్లిపాదీ ఒకేరోజు మందు రాసుకోవాలి. తామరైతే మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ కలిసిన ట్యూబు వద్దనండి. దురద రెండు రోజుల్లో తగ్గుతుంది, తామర మాత్రం లోలోపల పాకుతుంది. ఎంతమంది ఆడపిల్లలు ఆ ట్యూబుల వల్ల తొడల మీద చారలతో వస్తున్నారో చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది వేరు. ఒంటి మీద గోళ్ల గీతలు తప్ప ఇంకేమీ కనిపించని దురద. పెద్దవయసువాళ్లలో చర్మం పొడిబారడమే దీనికి సాధారణ కారణం. వేడివేడి నీళ్లు, ఒళ్లంతా సబ్బు మానేసి, స్నానం కాగానే కొబ్బరినూనె రాస్తే చాలామందికి ఉపశమనం ఉంటుంది. అలా తగ్గక 6 వారాలు దాటితే రక్తపరీక్షలు చేయించాలి. కిడ్నీ, లివర్, థైరాయిడ్, రక్తహీనత, షుగర్ అన్నీ చూడాలి. డయాలసిస్ చేయించుకునేవాళ్లను దురద రాత్రంతా నిద్రపోనివ్వదు. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం వైపు పనిచేసేవాళ్లు ఈ మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఆ దురదకు అలర్జీలో దురద పుట్టించే హిస్టమిన్ అనే రసాయనం ముఖ్య కారణం కాదు కాబట్టి, దాన్ని అడ్డుకునే సెట్రిజిన్ మింగినా పెద్దగా ఫలితముండదు. దురదతో పాటు జ్వరం, రాత్రిపూట చెమటలు, బరువు తగ్గడం, మెడలో గడ్డలు ఉంటే ఆలస్యం చేయకండి.

ఇక గర్భిణులు. ఏడో నెల దాటాక అరచేతులు, అరికాళ్లు దురద, రాత్రిళ్లు మరీ ఎక్కువ అంటే, "పొట్ట సాగుతోంది, మామూలే" అని అత్తగారు చెప్పినా మీరు ఒప్పుకోకండి. లివర్ నుంచి పైత్యరసం సరిగా దిగకపోతే ఇలా వస్తుంది. చాలామందిలో కళ్లు పచ్చబడవు, దద్దు రాదు. తల్లికి కాన్పయ్యాక తగ్గిపోతుంది, కానీ రక్తంలో పైత్య ఆమ్లాలు బాగా పెరిగితే కడుపులో బిడ్డ ప్రాణానికే ముప్పు. నెలలు నిండకముందే నొప్పులూ రావచ్చు. లివర్ పరీక్షతో పాటు పైత్య ఆమ్లాల పరీక్ష కూడా అడగండి. మొదటిసారి మామూలుగా వచ్చినా, దురద కొనసాగితే మళ్లీ చేయించాలి. బిడ్డ కదలికలు తగ్గాయంటే తెల్లారేదాకా ఆగొద్దు, వెంటనే 108కి ఫోన్ చేయండి.