ఏ గడ్డి మందు స్ట్రాంగ్ అని నన్ను అడగకండి

[తెర మీద: ఒక పండ్ల చెట్టు పాదు, దగ్గరగా]

నమస్కారం. కలుపు గురించి ఎప్పుడు మాట్లాడినా నాకు వచ్చే ప్రశ్న ఒకటే. "అన్నా, వీటిలో ఏ మందు స్ట్రాంగ్?" దాని వెనకాలే ఒక ఫిర్యాదు కూడా ఉంటుంది. "ఆ మందు కొడితే సాయంత్రానికే మాడిపోయింది. మీరు చెప్పింది కొడితే వారం దాకా పచ్చగానే ఉంది. డూప్లికేట్ మందేమో?"

నాకు చిరాకు తెప్పించేది ఈ ఫిర్యాదే. గడ్డి ఎంత త్వరగా మాడితే మందుకి అంత బలం ఉన్నట్టు లెక్కేస్తున్నారు. వేడి కాలంలో మొలిచే కలుపు విషయంలో ఈ లెక్క చాలాసార్లు తలకిందులవుతుంది. ఎందుకో ఈ పాదులోనే చూద్దాం.

ఇక్కడ మూడు మొక్కలున్నాయి. ఇది ఊద, ఇది గంగపాయల, ఇది తుంగ. వీడియో అయ్యేదాకా ఈ మూడింటినీ వదిలిపెట్టను. ఎండ ముదిరాక, నేల తడిగా ఉన్నప్పుడు ఇవి పెరిగే వేగం మీకు తెలిసిందే. మూడూ పక్కపక్కనే ఉన్నాయి, మూడూ పచ్చగానే ఉన్నాయి. కానీ ఒక్కోదాని ప్రాణం ఒక్కో చోట ఉంది.

ఊద గింజ నుంచే వస్తుంది. గింజ వేసేలోపు చంపితే దాని కథ అంతే. గంగపాయల కూడా గింజ మొక్కే. కాకపోతే కాండం నిండా నీళ్లు దాచుకుంటుంది. పీకి పాదు గట్టున పడేస్తే ఆ ముక్కే మళ్లీ వేరు పోసుకుంటుంది. తుంగ ప్రాణం మాత్రం ఆకులో లేదు. కింద గొలుసులా ఒకదానికొకటి తగులుకుని ఉండే గడ్డల్లో ఉంది. పైన కనిపించేది ఆ గడ్డలకి తిండి పంపే ఆకు మాత్రమే.

[తెర మీద: తుంగ మొక్కని గడ్డలతో సహా తవ్వి తీసిన దృశ్యం]

ఇప్పుడు మందుల దగ్గరికి వద్దాం. మొలిచిన కలుపు మీద కొట్టేవాటిలో రెండు రకాలున్నాయి. తగిలిన చోటే కాల్చేవి ఒక రకం. మొక్క లోపల ప్రయాణం చేసి వేరుదాకా వెళ్లేవి ఇంకో రకం.

పారాక్వాట్ మొదటి రకం. వెలుతురులో ఆకు తిండి తయారుచేసుకునే యంత్రంలోనే ఇది చొరబడుతుంది. అక్కడ పుట్టే శక్తిని దారి మళ్లించి కణాల పొరల్ని చింపేస్తుంది. అందుకే మంచి ఎండలో కొడితే కొన్ని గంటల్లోనే ఆకు వాడిపోతుంది. గ్లూఫోసినేట్ కూడా చాలావరకు తగిలిన చోటే పనిచేస్తుంది. ఇది మొక్కలో అమ్మోనియా పేరుకుపోయేలా చేస్తుంది, ఫలితం కనిపించడానికి కొన్ని రోజులు పడుతుంది. వేడి, గాలిలో తేమ, ఎండ మూడూ ఉంటే ఇంకా బాగా పనిచేస్తుంది.

రెండో రకంలో అందరికీ తెలిసింది గ్లైఫోసేట్. ఇది దేన్నీ కాల్చదు. మొక్కకి అవసరమైన కొన్ని అమైనో ఆమ్లాలు తయారు కాకుండా ఒక ఎంజైమ్‌ని ఆపేస్తుంది. మొక్క నెమ్మదిగా నీరసించి చస్తుంది. చిన్న గింజ మొక్కల్లో పసుపు రంగు కనపడటానికే దాదాపు వారం పడుతుంది. తుంగ, గరిక లాంటివాటికి రెండు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ.

అసలు సంగతి ఇక్కడుంది. ఆ ఆలస్యం గ్లైఫోసేట్ లోపం కాదు, అది పనిచేసే పద్ధతే అంత. ఆకులో తయారైన చక్కెర కిందికి దిగుతుంది కదా, ఆ ప్రవాహంతో పాటే మందు కూడా దిగుతుంది. ఆకు బతికి ఉంటేనే చక్కెర దిగుతుంది. ఆకు మాడిపోతే ఆ దారి మూసుకుపోయినట్టే.

మళ్లీ మన పాదు చూడండి. మూడింటి మీదా పారాక్వాట్ కొట్టామనుకుందాం. సాయంత్రానికి మూడూ గోధుమ రంగు. ఫోటో తీస్తే భలే ఉంటుంది. చిన్న ఊద నిజంగానే చచ్చింది. బాగా పిలకలు వేసిన ఊద మాత్రం మొదలు దగ్గర దాక్కున్న మొగ్గల నుంచి మళ్లీ లేస్తుంది. గంగపాయల చిన్నదైతే పోయింది, బాగా పాకినదైతే మందు తగలని ముక్కల నుంచి చిగురిస్తుంది. తుంగ సంగతి చెప్పక్కర్లేదు. కొన్ని రోజుల్లోనే మాడిన ఆకు మధ్యలోంచి పచ్చటి సూది పైకొస్తుంది. గడ్డకి ఏమీ కాలేదు మరి.

దీని మీద ఇంకో తెలివైన పని చేస్తుంటారు. కాల్చే మందూ, లోపలికి దిగే మందూ రెండూ ఒకే ట్యాంకులో కలిపేస్తారు. "డబుల్ స్ట్రాంగ్" అంటారు. దయచేసి చేయకండి. పారాక్వాట్ ఆకుని ముందే కాల్చేస్తే గ్లైఫోసేట్ ఏ దారిన దిగుతుంది? రెండు మందులు వాడి తుంగ గడ్డని మీరే కాపాడినట్టవుతుంది.

పారాక్వాట్ పేరు ఎత్తాను కాబట్టి నా అభిప్రాయం కూడా చెప్పేస్తాను. నేను దాన్ని సిఫారసు చేయను. ఒక్క గుక్క లోపలికి పోయినా ప్రాణం పోవచ్చు, విరుగుడు లేదు. యూరోపియన్ యూనియన్‌లో 2007లోనే దాని అనుమతి పోయింది. పండ్ల తోటలో అది లేకపోతే జరగని పని ఏదీ నాకు కనపడలేదు.

సరే, తుంగ. "గడ్డిని మాత్రమే చంపే మందు ఉందట, చెట్టుకి ఏమీ కాదట, తుంగ మీద కొట్టనా?" అని అడుగుతారు. ఫ్లూయాజిఫాప్, క్లెథోడిమ్ లాంటివి ఆ మందులే. ఊద మీద, గరిక మీద చక్కగా పనిచేస్తాయి. తుంగ మీద మాత్రం డబ్బు దండగ. కాండాన్ని వేళ్ల మధ్య తిప్పి చూడండి, మూడు పలకలు తగులుతాయి. చూడ్డానికి గడ్డిలా ఉన్నా దాని కుటుంబమే వేరు. గంగపాయల మీద కూడా అవి పనిచేయవు, అది వెడల్పాకు మొక్క.

తుంగకి పనికొచ్చేవి గ్లైఫోసేట్, లేదా హాలోసల్ఫ్యూరాన్ లాంటివి. అప్పుడైనా కొట్టే సమయం ముఖ్యం. ఆకులు బాగా వచ్చి, పూత మొదలయ్యే దశలో కొడితే చక్కెర గడ్డల వైపు వెళ్తుంటుంది, మందు కూడా వెళ్తుంది. కోసిన వెంటనే కొడితే మందు పట్టుకోవడానికి ఆకే ఉండదు. నీళ్లు లేక వాడి, దుమ్ము పట్టి ఉన్నప్పుడు కొట్టినా అంతంతమాత్రమే. ఒక్కసారితో అయిపోతుందని మాత్రం ఆశపడకండి. నిద్రలో ఉన్న గడ్డల్లోకి మందు సరిగ్గా చేరదు, అవి తర్వాత మొలుస్తాయి. అప్పుడు మళ్లీ కొట్టాలి. మధ్యలో తడి నేల మీద రోటవేటర్ వేస్తే గొలుసు తెగి, నిద్రపోతున్న గడ్డలన్నీ లేచి కూర్చుంటాయి. మొక్కలు ఇంకా పెరుగుతాయి.

ఇప్పుడు డూప్లికేట్ గోల. "గ్లైఫోసేట్ కొట్టాను, అంతా చచ్చింది, నెలలో మళ్లీ పచ్చగా అయింది." మీకు మళ్లీ కనిపించింది పాత ఊద కాదు, కొత్త గింజ మొలిచింది. గ్లైఫోసేట్ నేలని తాకగానే మట్టికి అతుక్కుపోతుంది. మట్టిలో ఉన్న గింజని అది ఏమీ చేయదు. వేడి కాలపు కలుపేమో ఒకేసారి మొలవదు, ప్రతి తడికీ ఒక విడత లేస్తుంది.

ఆ గింజల కోసం ఉన్నవే మొలక రాకముందు వేసే మందులు. పెండిమిథాలిన్, ఒరైజాలిన్, ఆక్సీఫ్లోర్‌ఫెన్, ఇండాజిఫ్లామ్ లాంటివి. వీటిని గేటు దగ్గర వాచ్‌మన్ అనుకోండి. గేటు దాటబోయే మొలకని ఆపుతాడు. అప్పటికే లోపల కూర్చున్నవాణ్ణి ఏమీ చేయలేడు. అందుకే లేచిన కలుపు మీద పెండిమిథాలిన్ కొట్టి, చావలేదని గొడవ చేస్తే లాభం లేదు.

వాచ్‌మన్ గేటు దగ్గరే ఉండాలి కదా. పాదులో రాలిన ఆకులు, ఎండు గడ్డి మందంగా ఉంటే మందు వాటి మీదే ఆగిపోతుంది, మట్టిని చేరదు. ముందు ఊడ్చేయాలి. తర్వాత దాన్ని మట్టిలోకి దింపడానికి ఒక మోస్తరు వానో, స్ప్రింక్లర్ తడో కావాలి, సుమారు 12 మిల్లీమీటర్లు. ఎండలో అలాగే వదిలేస్తే పెండిమిథాలిన్ కొంత ఆవిరైపోతుంది, కొంత వెలుతురుకి పాడైపోతుంది. డ్రిప్ ఉన్నవాళ్లకి ఇంకో చిక్కు. డ్రిప్పర్ కింద తడి ఎప్పుడూ ఉంటుంది కాబట్టి అక్కడ సూక్ష్మజీవులు మందుని త్వరగా తినేస్తాయి. మిగతా వరసంతా శుభ్రంగా ఉండి, డ్రిప్పర్ చుట్టూ మాత్రం కలుపు గుత్తులుగా లేస్తే కారణం ఇదే. అక్కడ వాచ్‌మన్ డ్యూటీ ముందే అయిపోయింది.

మన ముగ్గురిలో ఎవర్ని ఆపుతాడు? ఊదని పెండిమిథాలిన్ బాగానే ఆపుతుంది. గంగపాయలని ఆక్సీఫ్లోర్‌ఫెన్ ఆపుతుంది, అప్పుడే మొలిచిన చిన్న మొక్కని కాలుస్తుంది కూడా. తుంగ గడ్డని మాత్రం ఈ రెండూ ఆపలేవు. అది ఎప్పటినుంచో లోపలే కాపురం ఉంటోంది.

ఎప్పుడు వేయాలి? చలి పోయి నేల వేడెక్కి గింజలు కదలక ముందు. వానల మీద ఆధారపడిన తోటైతే మొదటి మంచి వానకి కాస్త ముందు. కలుపు అప్పటికే లేచి ఉంటే, మొలిచినదాన్ని చంపే మందూ, ఇదీ కలిపి ఒకే విడతలో కొట్టొచ్చు, రెండు లేబుళ్లూ ఒప్పుకుంటేనే.

టైం అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను.

చెట్టు వయసు. లేత చెట్టు కాండం ఇంకా ఆకుపచ్చగా ఉంటే గ్లైఫోసేట్‌ని పీల్చుకుంటుంది. మొదటి కొన్నేళ్లు కాండానికి తొడుగు వేయండి. చెట్టు మొదలు దగ్గర లేచిన పిలకల మీద పొరపాటున కూడా మందు పడనివ్వకండి, అక్కడి నుంచి అది చెట్టులోకే వెళ్తుంది. ఇండాజిఫ్లామ్ లాంటివి వేర్లు బాగా పాతుకున్న చెట్లకే. పాదు పగుళ్లు తీసి ఉంటే అది కూడా వద్దు, మందు నేరుగా వేరు దగ్గరికి జారుతుంది.

టూ ఫోర్ డీ. వెడల్పాకు కలుపుకి పనిచేస్తుంది, కానీ ఎస్టర్ రకం వేడిలో ఆవిరై గాలిలో పోతుంది. దగ్గర్లో ద్రాక్ష ఉంటే దాని జోలికి పోకండి, ద్రాక్ష దీన్ని అస్సలు తట్టుకోదు.

నీళ్లు. బురద నీళ్లలో గ్లైఫోసేట్ కలిపితే సగం పని అక్కడే పోతుంది. ఉప్పు నీళ్లలో ఉండే కాల్షియం కూడా దాన్ని పట్టేసుకుంటుంది. లేబుల్ ఒప్పుకుంటే అమ్మోనియం సల్ఫేట్ ముందు నీళ్లలో కలిపి, ఆ తర్వాత మందు కలపండి.

మోతాదు. తోటంతా కొట్టం, చెట్ల వరస వెంబడే కొడతాం. వరసల మధ్య దూరం 5 మీటర్లు, కొట్టే పట్టీ వెడల్పు 2 మీటర్లు అయితే, మందు పడేది 40 శాతం నేల మీదే. ఎకరానికి చెప్పిన మోతాదుని ఆ 40 శాతానికి లెక్కేయండి. మొత్తం మోతాదూ ఆ పట్టీ మీదే పోస్తే రెండున్నర రెట్లు వేసినట్టు.

మందు మార్చడం. ఇది నిజానికి ఇంకో వీడియో. రాగి పంటకి దగ్గర చుట్టమైన ఎల్యూసిన్ ఇండికా అనే గడ్డి 1997లో మలేషియాలో గ్లైఫోసేట్‌ని తట్టుకోవడం నేర్చుకుంది, అది కూడా పండ్ల తోటల్లోనే. మన ఊద రకం కూడా ఆస్ట్రేలియాలో అదే దారి పట్టింది. ఏడాదికి అదే మందు నాలుగైదుసార్లు కొడితే జరిగేది ఇదే. సీసా మీద గ్రూప్ నంబర్, అంటే మందు పనిచేసే పద్ధతిని చెప్పే నంబర్, ఉంటే చూడండి. గ్లైఫోసేట్ 9, గ్లూఫోసినేట్ 10, పెండిమిథాలిన్ 3. బ్రాండ్ మార్చి నంబర్ అదే ఉంటే ఏమీ మార్చనట్టే.

చివరిగా లేబుల్. మీ పంట పేరు దాని మీద లేకపోతే ఆ మందు మీది కాదు, ఎవరు ఎంత బాగా పనిచేసిందని చెప్పినా సరే. కొట్టిన తర్వాత కోతకి ఎన్ని రోజులు ఆగాలో కూడా అక్కడే ఉంటుంది. రాలిన పండ్లు ఏరుకునే తోటలైతే ఆ అంకె రెండుసార్లు చదవండి.

మీ పాదులో ఉన్నది తుంగో, ఊదో తేల్చుకోలేకపోతే ఒక మొక్కని వేరుతో సహా తవ్వి ఫోటో పంపండి. ఆకు మాత్రమే పంపితే నేను కూడా చెప్పలేను.