కారులోకి వెచ్చదనం, అద్దం మీద తేమ

సభకు నమస్కారం.

వానాకాలంలో కారు నడిపేవారందరికీ తెలిసిన ఇబ్బందితో మొదలుపెడతాను. అద్దాలు ఎత్తుకున్న కొద్దిసేపటికే ముందు అద్దం లోపలివైపు మసకబారుతుంది. గుడ్డతో తుడిచినా కాసేపటికి మళ్ళీ అంతే. ఈ మసక ఎందుకు పడుతుందో గ్రహిస్తే, సుమారు వందేళ్ళ కిందట అమెరికా ఉత్తర రాష్ట్రాల్లో కార్ల ఇంజనీర్లు దేనితో పెనుగులాడారో సులువుగా అర్థమవుతుంది.

తొలినాటి కార్లలో చాలావాటికి పైన గుడ్డ కప్పు తప్ప పక్కల ఆచ్ఛాదన ఉండేది కాదు. చలికాలంలో జనం బొచ్చు కోట్లు తొడుక్కుని, ఒడిలో కంబళ్ళు కప్పుకుని, కాళ్ళ దగ్గర బొగ్గు ఇటుక రాజేసి ఉంచిన చిన్న రేకు పెట్టె పెట్టుకునేవారు. మన కుంపటికి అది దగ్గరి చుట్టం. 1919లో అమెరికాలో తయారైన కార్లలో మూసిన బాడీ ఉన్నవి సుమారు 10 శాతమే. 1927 నాటికి అవి దాదాపు 85 శాతానికి చేరాయి. కారుకు గోడలు వచ్చాకనే లోపలి గాలిని వెచ్చబెట్టడమన్న ఆలోచనకు అర్థం ఏర్పడింది.

వేడికి కొరత లేదు. పెట్రోలులోని శక్తిలో అధికభాగం చక్రాలకు చేరకుండా పొగగొట్టం గుండా, ఇంజిన్ నీటిని చల్లబరిచే రేడియేటర్ గుండా వృథాగా పోతుంది. మొదట అందరి చూపూ పొగగొట్టం మీదనే పడింది. ఫోర్డ్ మోడల్ ఎ వంటి కార్లకు అమర్చుకునే హీటర్లలో ఎగ్జాస్ట్ మానిఫోల్డ్, అంటే ఇంజిన్ నుంచి వేడి పొగను పొగగొట్టంలోకి చేర్చే భాగం చుట్టూ ఒక రేకు తొడుగు ఉండేది. ఆ తొడుగులో వేడెక్కిన గాలి కాళ్ళ దగ్గరి రంధ్రం గుండా లోపలికి వచ్చేది. చవకైన పద్ధతే, త్వరగా వేడినిచ్చేదే. కానీ మానిఫోల్డ్‌లో చిన్న పగులు వచ్చినా, అతుకుల సందు మూసే గాస్కెట్ వదులైనా, వెచ్చటి గాలితోపాటు పొగలోని కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు కూడా లోపలికి చేరుతుంది. దానికి రంగూ వాసనా లేవు. రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. అందుకే నా దృష్టిలో, 1920ల చివరి నుంచి వ్యాపించిన వేడినీటి హీటర్ సౌకర్యం కంటే ముందుగా ప్రాణరక్షణకు సంబంధించినది. ఇంజిన్ నీటిని డ్యాష్‌బోర్డు కింద ఒక చిన్న రేడియేటర్‌లోకి మళ్ళించి, వెనుక ఫ్యాన్ పెడితే, పొగకూ మనిషి పీల్చే గాలికీ సంబంధమే ఉండదు.

ఇక్కడ రసాయనశాస్త్రం అడ్డువచ్చిన సంగతి తప్పక చెప్పాలి. నీరు గడ్డకట్టకుండా అప్పట్లో ఆల్కహాల్ కలిపేవారు. మిథనాల్ 65 డిగ్రీల సెల్సియస్ దగ్గర, ఇథనాల్ 78 డిగ్రీల దగ్గర మరుగుతాయి. ఇంజిన్ బాగా వేడెక్కితే అవి ఆవిరైపోతాయి. కాబట్టి ఇంజిన్‌ను చల్లగా నడపవలసి వచ్చేది, ఆ మేరకు హీటర్ చల్లబడేది. 1927లో ప్రెస్టోన్ పేరుతో అమ్మకానికి వచ్చిన ఇథిలీన్ గ్లైకాల్ 197 డిగ్రీల వరకు మరగదు. ఖరీదైనదే అయినా, నీటిని బాగా వేడిగా ఉంచే వీలు దానితోనే కలిగింది.

అయినా అద్దం సమస్య తీరలేదు, కొంతవరకు ముదిరింది. ఆ హీటర్లు కారులోని గాలినే తిప్పి తిప్పి వేడి చేసేవి. మనుషుల ఊపిరిలోని తేమ అందులోనే పేరుకుని, చల్లని అద్దానికి తాకి మంచుపొరగా గడ్డకట్టేది. అద్దం కాస్త దించితే చలిగాలి మెడ మీద కొట్టేది. జనరల్ మోటార్స్ 1933 మోడళ్ళలో ఫిషర్ సంస్థ అమర్చిన, ఇరుసు మీద తిరిగే చిన్న పక్క అద్దం దీనికి ఒక చక్కని జవాబు: దాన్ని కొద్దిగా తెరిస్తే, పరుగులో బయట ఏర్పడే అల్పపీడనం లోపలి పాతగాలిని లాగేస్తుంది, ఈదురుగాలి మాత్రం రాదు. అంబాసిడర్ ముందు తలుపులకు మనం చూసిన ముక్కోణపు అద్దం ఈ జాతిదే.

అసలు మలుపు 1938 మోడల్ నాష్ కార్లతో వచ్చింది. విస్కాన్సిన్‌లోని కెనోషాలో పనిచేసిన ఆ సంస్థలో నీల్స్ ఎరిక్ వాల్‌బర్గ్ అనే ఇంజనీరు బయటి గాలిని వడపోసి, వేడినీటి రేడియేటర్ మీదుగా ఫ్యాన్‌తో లోపలికి నెట్టే ఏర్పాటు చేశాడు. ఈ పనిలో నేను ఎంతో గౌరవించే అంశం పీడనం. లోపల గాలి ఒత్తిడి బయటికంటే రవ్వంత ఎక్కువగా ఉంటే, తలుపుల సందుల్లోంచి గాలి బయటికే పోతుంది తప్ప చలి లోపలికి చొరబడదు. పైగా 0 డిగ్రీల దగ్గర ఘనపు మీటరు గాలి దాదాపు 5 గ్రాముల నీటి ఆవిరినే మోయగలదు, 20 డిగ్రీల దగ్గర 17 గ్రాములు మోస్తుంది. శీతాకాలపు గాలిని వేడి చేస్తే అది పొడిబారి, అద్దం మీది తేమను తానే పీల్చుకుంటుంది. వెచ్చదనం, ఈదురుగాలి, అద్దం అనే మూడు చిక్కులూ ఒకే గాలి ప్రవాహంతో సడలాయి. మరుసటి ఏడాది వేడిని తనంతట తానే అదుపులో ఉంచే థర్మోస్టాట్ చేర్చి దానికి ‘వెదర్ ఐ’ అని పేరు పెట్టారు. ముందు అద్దం మీది మంచును తొలగించే ఏర్పాటును అమెరికా భద్రతా ప్రమాణం 1968 జనవరి 1 నుంచి ప్రయాణికుల కార్లకు తప్పనిసరి చేసింది.

మన వానాకాలానికి ఈ ఉపాయం ఒక్కటే చాలదు, ఎందుకంటే ఇక్కడ బయటి గాలే తేమతో నిండి ఉంటుంది. అందుకే మనం ఏసీ వేస్తాం: చల్లని కాయిల్‌కు తాకిన గాలిలోని తేమ అక్కడే నీరుగా మారి, గొట్టం గుండా కారు కిందికి కారిపోతుంది, పొడిబారిన గాలి అద్దాన్ని తేటపరుస్తుంది.