స్మారక స్తంభం దగ్గర పిల్లలకు ఒక పని

శ్రోతలకు నమస్కారం.

జనవరి 24 దగ్గర పడుతోంది. 1757లో ఆ రోజున బొబ్బిలి కోట నేలకూలింది. ఫ్రెంచి సేనాని బుస్సీ, అతనితో చేతులు కలిపిన విజయనగర ప్రభువు పూసపాటి విజయరామరాజు ఒకవైపు, బొబ్బిలి రాజు రంగారావు, ఆయన వెనుక నిలిచిన కొద్దిపాటి సైన్యం మరొకవైపు. ఆ యుద్ధకథను మనం బుర్రకథల్లో, తాతమ్మల నోట ఎన్నోసార్లు విన్నాం కనుక నేను మొదటి నుంచీ తిరిగి చెప్పబోవడం లేదు. కోట ఉన్న చోట నిలిపిన స్మారక స్తంభం దగ్గర ఆ వీరులను తలచుకునేటప్పుడు పిల్లలు ఏం చేయాలి అన్న ఒక్క విషయమే ఈ పూట మాట్లాడతాను.

ఇలాంటి సభల్లో సాధారణంగా పిల్లలకు రెండే పనులు ఉంటాయి. ఒకటి, వరుసలో ఎండలో నిలబడటం. రెండు, అట్టకత్తి పట్టుకుని తాండ్ర పాపారాయుడి వేషం వేయడం. వేషం వద్దని నేను అనను, మీసం దిద్దించుకుని వచ్చిన పిల్లవాడి ముఖంలోని వెలుగు నాకూ ఇష్టమే. అయితే వేషం వేసేది ఒక్కడు, తక్కిన యాభై మందీ చూస్తూ నిలబడతారు. పైగా ఆ యుద్ధంలో కత్తి పట్టని వాళ్లు కూడా ఉన్నారని, వారిలో పిల్లలు ఉన్నారని ఆ యాభై మందికీ ఎవరూ చెప్పరు.

కత్తి పట్టని వారిలో ఒక పిల్లవాడి సంగతి చెబుతాను, కొంచెం నిదానంగా వినండి. ఆ కాలపు యుద్ధాలను గ్రంథస్థం చేసిన ఆంగ్ల చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ దీన్ని రాసిపెట్టాడు. కోట చిక్కింది. రంగారావు నేలకొరిగాడు. శత్రువుల చేతికి చిక్కకూడదని కోటలోని వారే తమ స్త్రీలను, పిల్లలను ముందే చంపుకున్నారు. లోపలికి వచ్చి ఆ ఇళ్లను చూసిన సైనికులకు గెలిచిన సంతోషం లేకుండా పోయింది, వారిలో కరకువారు సైతం కన్నీరు పెట్టుకున్నారు. అప్పుడు దూరం నుంచి ఒక ముసలాయన ఒక పిల్లవాడి చెయ్యి పట్టుకుని నడిచి వచ్చాడు. గుంపు దారి ఇచ్చింది. ఆయన ఆ పిల్లవాడిని లా అనే ఫ్రెంచి అధికారి ముందు నిలబెట్టి, ఈ బిడ్డ రంగారావు కొడుకని, తండ్రి ఇష్టానికి విరుద్ధంగా తానే కాపాడానని చెప్పాడు. అంతసేపూ చంపడానికి పోటీపడినవారే ఆ క్షణం నుంచి ఆ ఒక్క బిడ్డను బతికించడానికి పోటీపడ్డారు. బుస్సీ వాడిని తన గుడారంలో చేర్చుకుని, బొబ్బిలికి బదులుగా తండ్రికి ఇవ్వజూపిన భూములకు వాడినే ప్రభువును చేసి, కాపలా పెట్టించాడు.

ఆ ముసలాయన పేరు ఓర్మ్ రాయలేదు. నాకు మాత్రం ఆ యుద్ధం మొత్తంలో ఆయనకంటే పెద్ద ధైర్యవంతుడు కనిపించడు.

ఈ కథను ఒక పల్లెటూరి బడిలో, చంపుకున్న మాటను తేలికగా దాటవేసి చెప్పినప్పుడు, వెనక బెంచీలోని ఒక అమ్మాయి లేచి, "మాస్టారూ, ఆ గుంటడికి వాలమ్మ లేదని ఎవులు సెప్పుంటారు?" అని అడిగింది. మాస్టారు చాలాసేపు మాట్లాడలేకపోయారు. అట్టకత్తుల వల్ల ఏ పిల్లకూ రాని ప్రశ్న ఆ ముసలాయన నడక వల్ల వచ్చింది. పిల్లలు చనిపోయినవారిని తలచుకోవడం అంటే నేను కోరుకునేది ఇదే, ఆ ప్రశ్న వాళ్లలో పుట్టడమే.

కనుక నా మనవి ఒక్కటే. స్తంభం దగ్గర ఈ ముసలాయన కథను ఒక పిల్లో పిల్లవాడో చెప్పాలి. పెద్దవాళ్లు రాసిచ్చిన ఉపన్యాసాన్ని బట్టీపట్టి అరవడం కాదు, విన్న కథను తన సొంత మాటల్లో, తన ఇంటి యాసలో చెప్పాలి. ఆ పిల్లకు మైకు ఎత్తు సరిచేసి ఇవ్వండి, మధ్యలో ఆగిపోతే అందించకుండా కాసేపు ఆగండి. వీలైతే విజయనగరం నుంచి కూడా పిల్లలను పిలిచి, పువ్వులు పెట్టే పని వాళ్లకు అప్పగించండి. రాయపూర్ వెళ్లే దారిలో రైలెక్కితే అది ఎంతసేపటి ప్రయాణం! ఆ నాడు తలపడిన రెండు ఊళ్లూ మనవే, ఆ రెండు ఊళ్ల పిల్లలూ పక్కపక్కన నిలబడటానికి అంతకంటే తగిన చోటు నాకు తోచదు.

చిన్న తరగతుల వారిని నేలమీద పట్టాలు వేసి కూర్చోబెట్టండి, మౌనం ఒక్క నిమిషం చాలు. ఇంకొక ఇబ్బంది ఉంది. ఆ రోజుకు రెండు రోజుల్లోనే రిపబ్లిక్ డే వస్తుంది కనుక బడుల్లో అందరూ కవాతు సాధనలో ఉంటారు, ఈ పనికి ఎవరికీ తీరిక దొరకదు. సంక్రాంతి సెలవులు అయ్యాక చూద్దాంలే అనుకుంటే అప్పటికి మిగిలేది కొద్ది రోజులే. అందుచేత మాస్టార్లూ, టీచరమ్మలూ, కథ చెప్పబోయే పిల్లను సెలవులకు ముందే ఎంచుకుని, పండగకు ఇంటికి వెళ్లినప్పుడు ఆ కథను తాతకో అమ్మమ్మకో ఒకసారి చెప్పి రమ్మని పంపండి.