మెరిసే రిమ్ము కన్నా మెత్తని రబ్బరు

అందరికీ నమస్కారం. డాలస్ చుట్టుపక్కల మన తెలుగువాళ్లలో ఆటోక్రాస్ కారు పోటీల పిచ్చి ఇంతమందికి ఉందని ఈ హాలు చూసేదాకా నాకు తెలియదు. తక్కువ ఖర్చులో టైర్లు, రిమ్ములు ఎలా ఎంచుకోవాలో చెప్పమన్నారు. నా సలహాలో సగం "ఇప్పుడే కొనకండి" అన్నదే. నిరాశపడకండి, మిగతా సగం కొనడం గురించే.

ఇంకా ఒక్క పోటీకీ వెళ్లని మిత్రుడొకరు నిన్న ఫోను చేసి, రిమ్ములు నల్లవి కొనాలా, కంచు రంగువి కొనాలా అని అడిగారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం! ఆటోక్రాస్ అంటే ఖాళీ పార్కింగ్ స్థలంలో కోన్లు పెట్టి, వాటి మధ్య కారు నడుపుతూ గడియారంతో పోటీ పడే ఆట. ఒక పరుగు నిమిషానికి అటూ ఇటూ. కోను పడితే రెండు సెకన్లు కలుపుతారు. మొదటి ఏడాది మన సెకన్లన్నీ ఆ కోన్ల దగ్గరా, దారి తప్పిన మలుపుల దగ్గరా పోతాయి. పైగా మామూలు టైరు కీచుమని అరిచి, చెప్పి మరీ జారుతుంది. అంతకన్నా మంచి గురువు దొరకడు. అది అరిగేదాకా నడపండి. మిగిలిన డబ్బు పోటీల ఫీజులకు పెట్టండి.

ఇక కొనే రోజు వచ్చిందనుకుందాం. ఈ పోటీలకు నియమాలు పెట్టే స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా (ఎస్‌సీసీఏ) వారి స్ట్రీట్ తరగతుల్లో, అంటే పెద్దగా మార్పులు చేయని కార్ల తరగతుల్లో, టైరు మన్నికను చెప్పే ట్రెడ్‌వేర్ అంకె కనీసం 200 ఉండాలి. మామూలు కారు టైర్లకు అది 400, 600 కూడా ఉంటుంది. అంకె పెరిగేకొద్దీ మన్నిక ఎక్కువని లెక్క. కానీ ఆ అంకెను తయారీదారులే వేసుకుంటారు, కాబట్టి రెండు కంపెనీల 200లు ఒకటి కావు. యోకోహామా ఏ052 చప్పున వేడెక్కి నేలను పట్టుకుంటుంది, అంతే చప్పున అరిగిపోతుంది. హాంకూక్ ఆర్ఎస్4 వేడెక్కడానికి సమయం తీసుకుంటుంది, కానీ చాలా కాలం వస్తుంది. రెండింటి మీదా ఉన్నది 200 అంకే. పోటీకి వెళ్లిన కారులోనే ఇంటికి రావాల్సిన మనలాంటివాళ్లకు రెండోదే మేలని నా అభిప్రాయం.

పాత టైర్లు చవకగా దొరుకుతాయి. అక్కడే నేను బోల్తా పడ్డాను. గాడులు లోతుగా, నిగనిగలాడుతూ ఉన్నాయని నాలుగు టైర్లు బేరమాడి తెచ్చుకున్నాను. మొదటి మలుపులోనే కారు బొంగరంలా తిరిగింది. దిగి చూస్తే, టైరు పక్కన డీఓటీ (అమెరికా రవాణా శాఖ) అని మొదలయ్యే అక్షరాల చివర, తయారైన వారం, ఏడాది చెప్పే నాలుగు అంకెలు: 2312. అంటే 2012లో 23వ వారం. అప్పటికి వాటికి ఏడేళ్లు! గోరుతో నొక్కితే గుర్తు కూడా పడలేదు, అంత గట్టిపడిపోయింది రబ్బరు. పైన పటారం, లోన లొటారం.

రిమ్ముల సంగతి త్వరగా ముగిస్తాను. స్ట్రీట్ తరగతుల్లో వెడల్పు కారుతో వచ్చినంతే ఉండాలి, వ్యాసం ఒక అంగుళం పెరగవచ్చు, తగ్గవచ్చు. కాబట్టి వెడల్పు రిమ్ముల మోజు అక్కడ చెల్లదు. నా మాజ్దా మియాటా కారుకు పాత హోండా సివిక్ రిమ్ములు బోల్టుల దగ్గర సరిపోతాయి, రెండింటికీ 100 మిల్లీమీటర్ల వలయంలో నాలుగు బోల్టులే. కానీ మధ్య రంధ్రం మియాటాది 54.1, సివిక్‌ది 56.1 మిల్లీమీటర్లు. ఆ రెండు మిల్లీమీటర్ల సందును నింపే రింగు వేయకపోతే స్టీరింగు వణకవచ్చు. ఆఫ్‌సెట్, అంటే రిమ్ము ఎంత లోపలికో బయటికో కూర్చుంటుందన్న కొలత, కూడా చూసుకోవాలి. వంగిన రిమ్మును మాత్రం ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దు.

అన్నిటికన్నా చవకైన పరికరం ఇదిగో, నా జేబులో ఉంది. సుద్దముక్క. ట్రెడ్ (నేలకు తగిలే భాగం) అంచు నుంచి టైరు పక్కకు దిగేలా ఒక గీత గీయండి. చాలా టైర్ల భుజం మీద, అంటే ఆ అంచు దగ్గర, చిన్న త్రిభుజం గుర్తు ఉంటుంది. పరుగు అయ్యాక సుద్ద ఆ త్రిభుజం దాకా చెరిగితే గాలి సరిపోయినట్టు. దాన్ని దాటి పక్కకు చెరిగితే టైరు ఒరిగిపోతోంది, గాలి కొంచెం పెంచండి. త్రిభుజం దాకా చెరగకపోతే గాలి రెండు పీఎస్ఐ తగ్గించి మళ్లీ చూడండి.

ప్రశ్నలు తర్వాత. ముందు బయట పార్కింగ్‌లోకి పదండి, ఎవరి టైర్ల మీద ఏ నాలుగు అంకెలు ఉన్నాయో చదువుదాం.