దీపపు ఎరలో పడ్డ మాత్‌లను పుస్తకంలోకి ఎక్కించడం ఎలా?

నమస్తే అండీ. టైమ్ ఐదుంపావు. ఇంకా పూర్తిగా తెల్లారలేదు, అందుకే గొంతు కాస్త తగ్గించి మాట్లాడుతున్నాను. నా వెనక ఉన్న ఈ పెట్టె రాత్రి తోటలో పెట్టిన లైట్ ట్రాప్. వ్యవసాయంలో ఉన్నవాళ్లు దీపపు ఎర అంటారు. ట్రాప్ తయారీ గురించి వీడియోలు బోలెడు ఉన్నాయి కాబట్టి ఆ జోలికి పోను. పొద్దున మూత తీశాక లోపలున్నవాటిని పుస్తకంలో ఎలా రాసుకోవాలి, ఇవాళ అదొక్కటే.

మాత్ అంటే తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క. లద్దె పురుగు, దాసరి పురుగు అంటామే, అవి పెద్దయ్యాక వచ్చే రెక్కల పురుగే మాత్. రైతులు తల్లి పురుగు అనేది కూడా దీన్నే. శాస్త్రవేత్తలు ఇప్పటిదాకా పేర్లు పెట్టిన మాత్ జాతులే దాదాపు 1,40,000. సీతాకోకచిలుకలు 20,000 కూడా లేవు. కాబట్టి పేరు తెలియలేదని టెన్షన్ పడకండి. పేరు వచ్చే నెలలో తెలుసుకోవచ్చు. ఏ రాత్రి వచ్చింది, ఎన్ని వచ్చాయి అన్నది మాత్రం వాటిని వదిలేశాక ఎవర్నడిగినా దొరకదు.

మూత మీద చెయ్యి వెయ్యకముందే పేజీ పైభాగం నింపేయాలి. మొదట తేదీ. 14న సాయంత్రం దీపం వేశాం, 15న పొద్దున చూస్తున్నాం. ఏది రాయాలి? దీపం వేసిన సాయంత్రం తేదీ రాయడం మాత్‌లు చూసేవాళ్ల అలవాటు. నేనైతే "14-15 రాత్రి" అని రెండూ రాస్తాను. ఎందుకంటే మొదటి ఏడాది బుద్ధి లేక కొన్నాళ్లు రాత్రి తేదీ, కొన్నాళ్లు పొద్దుటి తేదీ రాశాను. ఏడాది చివర తిరగేస్తే ఒకే తేదీ కింద రెండు పేజీలు, పక్క తేదీ ఖాళీ! వాటిని ఇప్పటికీ విడదీయలేకపోయాను.

తర్వాత చోటు. "తోట" అని రాస్తే చాలదు, తోటలో ఏ మూలో కూడా రాయండి. దాని కింద లైట్ రకం, ఎన్ని వాట్లు, ఎప్పుడు వేశారు, ఎప్పుడు ఆపారు. 125 వాట్ల మెర్క్యురీ బల్బుకి వచ్చినన్ని చిన్న యూవీ, అంటే అతినీలలోహిత కాంతి ఎల్‌ఈడీకి రావు. బల్బు మార్చిన సంగతి రాయకపోతే, వచ్చే ఏడాది లెక్క చూసి "అబ్బ, మాత్‌లు పెరిగాయి" అనుకుంటాం. పెరిగింది బల్బు! ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ పరిశోధనా కేంద్రంలో సి.బి. విలియమ్స్ అనే శాస్త్రవేత్త 1933లో లైట్ ట్రాప్‌తో రాత్రి రాత్రికీ లెక్క రాయడం మొదలుపెట్టారు. ఆ కేంద్రం ట్రాప్‌లలో వాడేది 200 వాట్ల మామూలు టంగ్‌స్టన్ బల్బు. దానికంటే ఎక్కువ మాత్‌లను లాగే బల్బులు ఉన్నాయి. కానీ ఏళ్ల తరబడి అదే బల్బు వాడితేనే పాత లెక్కని కొత్త లెక్క పక్కన పెట్టి చూడగలం.

ఇక వాతావరణం. రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రత, మబ్బు, గాలి, వాన, చంద్రుడు. రెండు ముక్కల్లో రాస్తే చాలు, కానీ మానకండి. ఆకాశం తేటగా ఉన్న పున్నమి రాత్రి ట్రాప్ వెలవెలబోతుంది. మబ్బు పట్టి, ఉక్కపోసి, ఆకు కదలని రాత్రి అయితే లోపల జాతరే. ఒక్కటీ రాని రాత్రికి కూడా పేజీ ఉండాలి. "సున్నా" అని రాయండి. ఖాళీగా వదిలేస్తే ట్రాప్ పెట్టారో లేదో తర్వాత మీకే గుర్తుండదు.

పదండి, చూద్దాం. ముందు లైట్ ఆపేస్తున్నాను. యూవీ లైట్‌ని నేరుగా చూడకూడదు, కళ్లకు మంచిది కాదు. మూత తర్వాత, ముందు చుట్టుపక్కల. ఇదిగో, గోడ మీద మూడు, గడ్డిలో ఒకటి. కొన్ని ట్రాప్ దాకా వచ్చి లోపలికి వెళ్లకుండా బయటే కూర్చుంటాయి. అసలు ఇవి దీపాన్ని చూసి ఎందుకు వస్తాయంటే, 2024లో వచ్చిన ఒక పరిశోధన బాగా చెప్పింది. ఎగిరే పురుగులు వెలుతురు వైపు వీపు తిప్పుకుంటాయి. మామూలుగా రాత్రిపూట కూడా నేల కంటే ఆకాశమే వెలుతురుగా ఉంటుంది కాబట్టి వాటికి పైదేదో కిందదేదో తెలుస్తుంది. పక్కన బల్బు ఉంటే అటు వీపు పెట్టి, ఒరిగిపోయి, అక్కడక్కడే గిరగిరా తిరుగుతాయి. ఇష్టంతో వచ్చి కాదు, పాపం.

ఇప్పుడు మూత. లోపల నేను పెట్టింది గుడ్ల ట్రేలు. వాటి గుంటల్లో దూరి కూర్చుంటాయి. ఒక్కో ట్రేని మెల్లగా, కుదుపు లేకుండా తీసి, రెండో వైపు కూడా తిప్పి చూడాలి. చేతులు ఖాళీ ఉండవు కాబట్టి నేను ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేసి పైకి చెప్తూ పోతాను. "మొదటి ట్రే, చిన్న తెల్లవి ఆరు..." ఇలా. తర్వాత కూర్చుని విని రాస్తాను. ఒకే రకం వందల్లో ఉంటే ఒక ట్రే లెక్కపెట్టి మిగతావి అంచనా వేయొచ్చు, కానీ అంకె ముందు "సుమారు" అని ఉండాలి.

దీన్ని దగ్గరగా చూడండి. ఎండుటాకు ముక్క పడింది అనుకున్నారు కదా? నేనూ మొదట్లో ఊదేయబోయాను. గోధుమరంగు రెక్కలు, మధ్యలో ఈనె లాంటి గీత కూడా ఉంది. పుల్లతో ఇలా మెల్లగా తాకితే... చూశారా! వెనక రెక్కలు పండు నారింజ రంగు, మధ్యలో వంకర తిరిగిన నల్ల మచ్చ, అంచున నల్ల పట్టీ. పండ్ల రసం పీల్చే మాత్ ఇది, యూడోసిమా ఫలోనియా. పైనుంచి తీసిన ఒక్క ఫొటోతో ఆగిపోతే ఈ నారింజ రంగు పడదు. అందుకని పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, వీలైతే వెనక రెక్క కనిపించేలా ఒకటి. పక్కన చిన్న స్కేలు పెట్టండి. సైజు తెలియని ఫొటో సగం ఫొటో. మరీ ఎగిరిపోతుంటే చిన్న డబ్బాలో పెట్టి కాసేపు ఫ్రిజ్‌లో ఉంచితే నెమ్మదిస్తుంది. ఫ్రీజర్‌లో కాదు సుమా.

ఇంకో అలవాటు చేసుకోండి. ప్రతి పొద్దునా మొదటి ఫొటో, తేదీ రాసిన ఈ పేజీదే. ఒకసారి ఫొటోలన్నీ మెసేజ్‌లో పంపుకుని కంప్యూటర్లోకి దింపుకున్నాను. తీసిన తేదీలు పోయి దింపుకున్న తేదీ పడింది. నాలుగు రాత్రులు కలగాపులగం. అప్పట్నుంచి పేజీ ఫొటో తీయకుండా మాత్ ఫొటో తీయను.

పేర్ల సంగతికి వద్దాం. ఎంతవరకు తెలిస్తే అంతవరకే రాయండి. ఈ లేత గోధుమరంగు దానికి ముందు రెక్క మీద చిక్కుడు గింజ ఆకారంలో మచ్చ ఉంది, వెనక రెక్క తెల్లగా ఉండి అంచున వెడల్పాటి నల్ల పట్టీ ఉంది. శనగపచ్చ పురుగు తల్లి, హెలికోవెర్పా ఆర్మిజెరా అనిపిస్తుంది. కానీ దీనికి దగ్గరి చుట్టాలు అచ్చం ఇలాగే ఉంటాయి. అందుకే "హెలికోవెర్పా, బహుశా ఆర్మిజెరా" అని రాస్తున్నాను. కొన్ని జాతులైతే జననాంగాలు మైక్రోస్కోప్ కింద చూస్తేగానీ తేలవు. మొక్కల్ని, జీవుల్ని గుర్తుపట్టడానికి వాడే ఐనాచురలిస్ట్ అనే యాప్‌లో ఫొటో పెడితే అది ఒక పేరు చెప్తుంది. అది అంచనా, తీర్పు కాదు. తెలిసినవాళ్లు చూసి ఒప్పుకునేదాకా నా పుస్తకంలో పెన్సిల్‌తోనే ఉంటుంది. అసలే తెలియనివి "తెలియనిది 1, తెలియనిది 2". పక్కన ఫొటో నంబరు. పోయినసారి అలా రాసినవాటిలో మూడింటికి తర్వాత పేర్లు దొరికాయి. ఏదో ఒక పేరు అంటించి ఉంటే వాటి వైపు మళ్లీ చూసేదాన్ని కాదు.

అయిపోయింది, ఇక వదిలేద్దాం. ట్రాప్ పక్కనే దులపకండి. పిట్టలు తెలివైనవి, రెండు రోజుల్లో టైమ్ కనిపెట్టేస్తాయి. దట్టమైన పొద లోపల, నీడలో ట్రే ఒంచి పెడితే వాటంతట అవే పాక్కుంటూ వెళ్తాయి. ఈ ఆకుపచ్చ హాక్ మాత్ చూడండి, ఒళ్లంతా వణుకుతోంది. భయం కాదు, ఎగరడానికి ముందు కండరాలు వేడెక్కించుకుంటోంది. ఒక్క నిమిషం ఆగండి... అదిగో, వెళ్లిపోయింది.

ఈ రాత్రి ట్రాప్ వెయ్యను, రేపు కూడా వెయ్యను. వరసగా వేస్తే వదిలినవే మళ్లీ వచ్చి పడతాయి, ఒకదాన్నే రెండుసార్లు లెక్కపెట్టినట్టు అవుతుంది. పైగా అవి తినాలి, జత కట్టాలి, గుడ్లు పెట్టాలి. ఈలోగా మీ పేజీలో "తెలియనిది" ఏమైనా ఉంటే ఎలా ఉందో కామెంట్‌లో రాయండి. స్కేలు పక్కన ఎంత ఉందో మర్చిపోకుండా రాయండి.