రీమాస్టర్ అంటే మళ్లీ మిక్స్ చేయడం కాదండీ!

అమెరికా హెవీ మెటల్ బ్యాండ్ పెంటగ్రామ్ పాత రికార్డింగుల కలెక్షన్ ‘ఫస్ట్ డేజ్ హియర్’ మాట ఎత్తితే చాలు, కామెంట్లలో ఒకటే గోల: “రీమాస్టర్ చేశామన్నారుగా, గాయకుడు బాబీ లీబ్లింగ్ గొంతు కాస్త పెంచితే ఏం పోయింది?” మిక్స్ అంటే విడివిడిగా ఉన్న గొంతునీ వాయిద్యాల్నీ పాళ్లు చూసి కలపడం. రీమాస్టర్ అంటే కలిపేసిన దాన్నే మెరుగుపరచడం. పెంచడానికి అక్కడ విడిగా గొంతే లేదు!

వర్జీనియా కుర్రాళ్లు 1971లో మొదలుపెట్టారు. మొదటి ఎల్పీ వచ్చింది 1985లో. 1972లో వేసిన సింగిల్ మీదైతే బ్యాండ్ పేరే వేరు, మెకాబర్. 70ల నాటి ఆ సింగిల్సు, డెమోలు, రిహార్సల్ టేపులే ఈ కలెక్షన్. రిలాప్స్ లేబుల్ 2006లో రెండో భాగాన్ని రెండు డిస్కులుగా తెచ్చింది.

పులిహోర సంగతి చూడండి. గొంతు, గిటార్, డ్రమ్స్ విడివిడిగా రికార్డయిన మల్టీట్రాక్ టేపంటే అన్నం, పులుసు, పోపు వేర్వేరు గిన్నెల్లో ఉన్నట్టు. రిహార్సల్ టేపు అప్పటికే కలిపేసిన పులిహోర. రీమాస్టర్ చేసేవాడు మాడిన మిరపకాయ తీసేయగలడు, పైన నాలుగు పల్లీలు చల్లగలడు. పులుసు వెనక్కి తీయలేడు. ఇక టేపు హిస్, అంటే వెనక వినిపించే ‘స్‌స్’ శబ్దం అంటారా, అది పసుపు. ప్రతి మెతుక్కీ పట్టేసింది. కడిగితే రుచీ పోతుంది. ఏఐతో విడదీయొచ్చంటారు కానీ, గరగరలాడే ఫజ్ గిటారూ, డ్రమ్స్‌లోని ఇత్తడి పళ్లేలైన సింబల్సూ ఒకే ఫ్రీక్వెన్సీలో పడితే అదీ తడబడుతుంది.

అసలు కష్టం టేపు దగ్గరే. 70ల మధ్య నుంచి వచ్చిన, వెనకవైపు కూడా పూత ఉన్న బ్యాక్‌కోటింగ్ టేపుల్లో బైండర్, అంటే పూతని పట్టి ఉంచే జిగురు, తేమ పీల్చి జిగటెక్కుతుంది. అలాగే ఆడిస్తే, టేపుని చదివే హెడ్ దగ్గర కీచుమంటూ ఆక్సైడ్, అంటే శబ్దం నిలిచి ఉండే అయస్కాంత పూత, ఊడొస్తుంది. అందుకే ముందు 54 డిగ్రీల సెల్సియస్ దగ్గర దాదాపు ఎనిమిది గంటలు వెచ్చబెట్టి, పూర్తిగా చల్లారనిస్తారు. రీలును పక్కనుంచి వెలుతురుకి పట్టండి. కాంతి దూరి వస్తే అది ఎసిటేట్ అనే పాత రకం ప్లాస్టిక్ టేపు, దాన్ని మాత్రం వెచ్చబెట్టొద్దు, పాడైపోతుంది.

తర్వాత అజిమత్, అంటే టేపుకి హెడ్ నిలబడే కోణం: మోనోలో (రెండు చానెళ్లూ ఒకటిగా కలిపి) వింటూ, ట్రెబుల్ బాగా విచ్చుకునేదాకా ప్లేబ్యాక్ హెడ్ వంపు సరిచేయాలి. స్పీడు ఎలా తెలుస్తుంది? గిటార్ ఆంప్లిఫయర్ నుంచి వచ్చే కరెంటు గుయ్‌మనే హమ్ పట్టిస్తుంది! అమెరికా కరెంటు 60 హెర్ట్జ్. హమ్ 62 చూపిస్తే టేపు మూడు శాతం పైగా వేగంగా తిరుగుతోందన్నమాట. పాట దాదాపు అర సెమీటోన్ పైకి పోతుంది.

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తా: టేపుని కంప్యూటర్‌లోకి 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ నాణ్యతలో ఎక్కించండి. శుభ్రం చేయని ఆ ఫైలు విడిగా దాచండి. నాయిస్ రిడక్షన్ 3, 4 డెసిబెల్స్ చాలు, దాటితే సింబల్స్ నీళ్లలో మోగినట్టుంటాయి. శిఖరాల్ని అణిచి మొత్తం శబ్దాన్ని పెంచే లిమిటర్ జోలికి ఎక్కువ పోవద్దు, హిస్ కూడా లేస్తుంది. ఈ కలెక్షన్‌లో మొదట ‘ఫరెవర్ మై క్వీన్’ పాట పెట్టి వినండి, హెడ్‌ఫోన్స్‌లో కాదు, స్పీకర్లలో!